బీఎల్ లాసెర్టే విజృంభణ: వేర్వేరు తరంగదైర్ఘ్యాల కొలతలను కలపడం గురించి

ఉత్తరభాద్ర:
2020లో బీఎల్ లాసెర్టే అనే బ్లేజార్ (నడుమనున్న భారీ కృష్ణబిలం నుంచి జెట్ అనే పదార్థ ధారను మనవైపు చిమ్మే గెలాక్సీ) వెలుగు ఒక్కసారిగా పెరిగి విజృంభించినప్పుడు, ఆగస్టు మొదలుకొని మబ్బులు విడిచిన రాత్రులలో మా డాబా మీది టెలిస్కోపుతో, ఆర్ (ఎరుపు) ఫిల్టర్‌లో తీసిన చిత్రాలు నా దగ్గర ఉన్నాయి. వాటి కాంతి వక్రాన్ని (కాలంతో వెలుగు మారిన తీరును చూపే గీతను) ఫెర్మి ఉపగ్రహపు గామా కిరణాల కొలతలతోనూ, స్విఫ్ట్ ఉపగ్రహపు ఎక్స్ కిరణాల కొలతలతోనూ కలిపి చూడాలనుకుంటున్నాను. ఒకే తేదీన తీసిన కొలతలను ఏకకాలికమైనవిగా పరిగణించవచ్చునా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

రేయిలెక్క:
తేదీ కలిసినంత మాత్రాన సరిపోదండి. మీరు చెప్పే ఆ విజృంభణలోనే దృశ్యకాంతి, దాని ధ్రువణం (కాంతి కంపనాలు ఒకే దిశకు ఒదిగి ఉండే పాలు), గామా కిరణాలు సుమారు 13 గంటల ఆవర్తనంతో ఊగిసలాడాయని 2022లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఫెర్మి సమాచారాన్ని రోజుకొక బిందువుగా కూర్చితే ఆ ఊగిసలాట మొత్తం సగటులో కలిసిపోతుంది. స్విఫ్ట్ ఒక్కో విడతలో సాధారణంగా ఒకటి రెండు వేల సెకన్లే చూస్తుంది కనుక, అది శిఖరం మీద పడిందో లోయలో పడిందో ఆ ఒక్క బిందువును చూసి చెప్పలేము. స్విఫ్ట్ చూసిన వేళలను ముందుగా రాసుకుని, వాటికి గంట రెండు గంటల దగ్గరలో ఉన్న మీ చిత్రాలను మాత్రమే జత చేయండి. జత కుదరని రాత్రులను కాంతి వక్రంలో ఉంచండి గాని, వర్ణపటంలోకి (ఒకే వేళ ఏ తరంగదైర్ఘ్యంలో వెలుగు ఎంతో చూపే పటంలోకి) తేకండి.

డాబాచుక్కలు:
వేళ కంటే ముందు మీ కొలతను సరిచూసుకోవాలని నా అభిప్రాయం. ఈ బ్లేజార్ చిత్రంలో నక్షత్రంలాగే కనబడుతుంది. 1929లో హాఫ్‌మైస్టర్ దీనిని చర నక్షత్రంగానే నమోదు చేశారు. అయితే ఆ చుక్క చుట్టూ దాని గెలాక్సీ వెలుగు సన్నగా పరుచుకుని ఉంటుంది. గాలి నిలకడ చెడి చుక్క ఉబ్బినప్పుడల్లా కొలత వలయాన్ని (చిత్రంలో వెలుగును లెక్కగట్టే వృత్తాన్ని) మారుస్తూ పోతే, లోపలికి వచ్చే గెలాక్సీ వెలుగు కూడా మారి, లేని హెచ్చుతగ్గులు పుట్టుకొస్తాయి. వలయం స్థిరంగా ఉంచి, దాని పక్కనే ఉండే, బి, సి, హెచ్, కె అనే పోలిక నక్షత్రాలలో కనీసం రెండింటిని వాడి, వాటి పరస్పర భేదం రాత్రంతా నిలకడగా ఉందో లేదో చూడండి. పాలపుంత పట్టీకి దగ్గరగా ఉన్న వస్తువు కాబట్టి, ధూళి మింగిన వెలుగును కూడా లెక్కించకుండా వర్ణపటం గీయకూడదు.

గోదారిగట్టు:
హైదరాబాదు అక్షాంశం నుంచి ఇది మధ్యాహ్నరేఖ దాటేటప్పుడు ఉత్తరాన సుమారు 65 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. ఎత్తుకు లోటు లేదు. నడిరేయి నడినెత్తికి దగ్గరగా వచ్చే ఆగస్టులోనే మనకు వానలు. ఖాళీలను పూరించడానికి ఇతర రేఖాంశాల పరిశీలకుల కొలతలు తీసుకోక తప్పదు. 1997 నుంచి పనిచేస్తున్న హోల్ ఎర్త్ బ్లేజార్ టెలిస్కోప్ కూటమి ఉన్నదే అందుకు.

రేయిలెక్క:
కలిపి చూడటం వల్ల ఏమి దక్కుతుందో 2023 నవంబరు పరిశీలన చక్కగా చూపుతుంది. అప్పుడు ఇదే బ్లేజార్ దృశ్యకాంతి ధ్రువణం 47.5 శాతానికి ఎగబాకగా, ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం చూసిన ఎక్స్ కిరణాల ధ్రువణం 7.6 శాతాన్ని మించలేదు. ఎక్స్ కిరణాలు ప్రోటాన్ల వల్ల పుట్టి ఉంటే ఆ రెండింటి మధ్య ఇంత దూరం ఉండనక్కరలేదు. ఎలక్ట్రాన్లు కాంతికణాలను ఢీకొని వాటి శక్తిని పెంచడం వల్లనే అవి పుడుతున్నాయన్న వాదానికి అది బలమైన ఆధారమైంది. ఎక్స్ కిరణాల కొలత ఒక్కటే ఉంటే ఇంత గట్టిగా చెప్పగలిగేవారు కారు.

నీలిజెట్:
రేడియో సమాచారం కూడా చేర్చేటట్లయితే ఒక హెచ్చరిక. కృష్ణబిలం దగ్గర జెట్ రేడియో తరంగాలను తానే పీల్చుకుంటుంది కనుక, రేడియో శిఖరం వారాలో నెలలో ఆలస్యంగా రావచ్చు. అక్కడ ఏకకాలికత అన్న మాటకే అర్థం మారిపోతుంది. ఆలస్యాన్ని కొలవడానికి, సమానమైన ఎడం లేని బిందువులకు పనికివచ్చే వివిక్త సహసంబంధ పద్ధతిని (ఒక వక్రాన్ని కాలంలో జరుపుతూ రెండోదానితో ఎంత పోలుతుందో లెక్కించే పద్ధతిని) వాడండి. అయితే నాలుగైదు గుట్టలున్న ఏ రెండు వక్రాలనైనా జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట అతుకుతాయి. కృత్రిమ వక్రాలను వేల సంఖ్యలో పుట్టించి, మీ సహసంబంధ శిఖరం వాటితో వచ్చే శిఖరాలకంటే నిజంగా ఎత్తుగా ఉందో లేదో చూసిన తరువాతే నమ్మండి.

ఉత్తరభాద్ర:
అందరికీ కృతజ్ఞతలు. ముందుగా స్థిర వలయంతో చిత్రాలన్నిటినీ మళ్లీ కొలుస్తాను. తరువాత స్విఫ్ట్ వేళల పట్టికతో జత కుదిరిన రాత్రులకే వర్ణపటాలు గీసి, ఫెర్మి బిందువుల వ్యవధిని వెలుగు అనుమతించినంత వరకు కుదిస్తాను. రేడియోను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.