బాధ వల్ల పుట్టే గర్వం

ప్రశ్న: ఏళ్ల తరబడి అనారోగ్యాన్ని ఓర్చుకుంటూ జపధ్యానాలలో గడిపిన నాకు, చిన్న కష్టానికే కుంగిపోయేవారిని చూస్తే జాలికి బదులు చులకన భావం కలుగుతోంది. ఇది వైరాగ్యమా, అహంకారమా?

మొదటి జవాబు: అహంకారమే అనుకుంటానండి. దంభాహంకారాలతో శరీరాన్ని హింసించుకునే తపస్సును భగవద్గీత 17వ అధ్యాయం ఆసురమంటుంది. ఇతరుల సుఖదుఃఖాలను తనవిగా చూడగలిగినవాడే పరమయోగి అని 6వ అధ్యాయం చెబుతుంది. అయితే మీ బాధ మీరు కోరి తెచ్చుకున్నది కాదు కనుక, మొదటి మాట మీకు పూర్తిగా వర్తించదు.

రెండో జవాబు: ఎవరూ గుర్తించని ఓర్పు తనను తానే మెచ్చుకోవడం సహజం. చనిపోయిన బిడ్డను బతికించమని వచ్చిన కిసాగోతమిని, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపినప్పుడు, ఆమె గడపగడపనా విన్నది ఇతరుల దుఃఖాన్నే కదా.

ప్రశ్నించినవారు: ఇతరుల దుఃఖం వింటూ ఉంటే నా కథ చెప్పాలనిపిస్తుంది.

రెండో జవాబు: వారు అడిగేవరకూ ఆగండి, అడగకపోతే ఆ పూటకు దానితో పని లేదన్నమాట.