గుంటూరు ఆసుపత్రులలో పాతకాలపు నర్సు శిక్షణ గురించి తెలిసినవారు సాయం చేయగలరా?

నర్సింగ్ చదువు కళాశాలలకు చేరకముందు, ఆసుపత్రి వార్డులలోనే శిక్షణ సాగిన కాలం గురించి, ముఖ్యంగా గుంటూరు ప్రాంతానికి సంబంధించి, వివరాలు సేకరిస్తున్నాను. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ నెలకొల్పిన పాఠశాల తరహాలో, విద్యార్థినులు ఆసుపత్రి ఆవరణలోనే నివసిస్తూ, పగలూ రాత్రీ డ్యూటీలు చేస్తూ, ఆ పని మధ్యనే పాఠాలు నేర్చుకునే పద్ధతి మన దేశానికీ వచ్చింది. చదువు పేరుతో వారు చేసిన చాకిరీయే ఎన్నో వార్డులను నడిపించిందని, ఆ శ్రమకు చరిత్రలో తగిన చోటు దక్కలేదని నా గట్టి అభిప్రాయం. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికన్ మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో ఆసుపత్రి వెలిసింది. ఆవిడ గురించి చదవడానికి కొంత దొరుకుతుంది గానీ, అక్కడ పనిచేసిన తెలుగు నర్సుల మాటలే కావాలి.

మా మేనత్తగారు గుంటూరులోనే ఇలా శిక్షణ పొందారు. ఆవిడ నోటుపుస్తకంలో తలకు కట్టు కట్టే తీరు, మంచం మీద దుప్పటి మూలలు మడిచే పద్ధతి పెన్సిల్ బొమ్మలతో ఉన్నాయి. ప్రతి పాఠం కింద సిస్టర్‌గారి సంతకం ఉంది.

1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం రాకముందు ఇక్కడ శిక్షణ ఎన్నేళ్లు ఉండేది? పాఠాలు తెలుగులో చెప్పేవారా? పరీక్షలు ఎవరు నిర్వహించేవారు? స్టైపెండ్ ఇచ్చేవారా? గుంటూరు, విజయవాడలలో ఎవరి ఇంట్లోనైనా ఆనాటి సర్టిఫికెట్లు, బ్యాడ్జీలు, బృంద ఛాయాచిత్రాలు ఉంటే దయచేసి తెలియజేయండి.