ఇంట్లో తీర్మానాలు అందరికీనా, రాసినవాడికేనా?

పర్లాకిమిడి నాన్న
మేం ఒడిశాలో ఉండే తెలుగువాళ్లం. మా పెద్దవాడికి ఐదేళ్లు, యూకేజీ. చిన్నదానికి ఈమధ్యే రెండు నిండాయి. మొన్న ఉగాదికి ఒక కాగితం మీద ఐదు తీర్మానాలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. సాయంత్రం ఏడు దాటాక పిల్లలు పడుకునేదాకా ఎవరూ ఫోన్ పట్టుకోకూడదు. అన్నం పెట్టేటప్పుడు వీడియోలు వద్దు. తొమ్మిదికల్లా లైట్లు ఆపేయాలి. పిల్లల మీద అరవకూడదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలి.

మా అమ్మకి కోపం వచ్చింది. విశాఖలో ఉన్న మా చెల్లితో ఆవిడ మాట్లాడేది రోజూ ఏడున్నరకే. చిన్నదానికి అన్నం పెట్టేదీ ఆవిడే, వీడియో లేకపోతే అది నోరు తెరవదట. "ముసలిదాన్నయ్యాక నాకు రూల్సు పెడతావా" అని మాట మానేసింది. నేననేది ఒకటే. ఒకరు పాటించి ఇంకొకరు మానేస్తే పిల్లలు లెక్కచేయరు. రూల్ అన్నాక అందరికీ ఉండాలి. కాదంటారా?

రాయగడ రైల్వే క్వార్టర్స్
అన్నా, నీదే రైటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు అదే. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని పిల్లల ఆరోగ్యం వదిలేస్తామా? నాలుగు రోజులు అలుగుతారు, తర్వాత వాళ్లే సర్దుకుంటారు.

బరంపురం అమ్మమ్మ
బాబూ, నాలుగు రోజులు అలుగుతారని ఎంత తేలిగ్గా అనేశావు. నేనూ మనవరాలికి అన్నం పెడుతున్నదాన్నే కాబట్టి చెప్తున్నాను.

పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, ఫోన్‌ని మంచినీళ్ల చెంబుకి ఆనించి పెడతాను. గుంట దాని మీంచి కళ్లు తీయదు. ముద్ద పెదాలకి తగిలితే నోరు తెరుస్తుంది. మధ్యలో యాడ్ వచ్చిందా, నోరు మూసేస్తుంది. నాదేమో ఎంగిలి చెయ్యి, వేలి కణుపుతో స్కిప్ నొక్కుతాను. ఇదేమీ నాకు సరదా కాదు. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. వచ్చీ రాగానే "తిందా?" అని అడుగుతారు. "ఎలా తింది?" అని మాత్రం ఎవరూ అడగరు. తినలేదంటే మొహాలు మాడిపోతాయి. మరి తినిపించమని మాకు చెప్పి, ఎలా తినిపించాలో గోడ మీద రాసి పెట్టడం ఏం న్యాయం?

చందమామని చూపించి పెట్టొచ్చు కదా అనకండి. అదీ ఏమార్చి పెట్టడమే. మా కాలంలో ఫోన్ లేదు కాబట్టి చందమామ, అంతే.

గుణుపురం
అమ్మమ్మగారికి దండం. "ఎలా తింది" అన్న మాట మా ఇంట్లో చదివి వినిపించాను, ఎవరూ మాట్లాడలేదు.

గజపతి కోడలు
నేను ఒడియా ఇంటి ఆడపిల్లని, తెలుగింటి కోడలిని. తెలుగు చదవడం రాయడం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించాలి.

ఐదో తీర్మానం చూసి నాకు గుండె గుభేలుమంది. మా ఆయన కూడా ఇలాగే మొదలుపెట్టారు. ఇంట్లో తెలుగే అంటే, పాపకి జ్వరం వచ్చిన రాత్రి నేను ఏ భాషలో జోకొట్టాలి? నాకు వచ్చిన జోలపాటలు ఒడియావి. మార్గశిర గురువారం లక్ష్మీపూజకి ముగ్గు వేస్తూ పాపకి కథ చెప్తాను, అది తెలుగులో నాకు నోరు తిరగదు. భాష మీద రూల్ పెడితే ఆ భాష సరిగా రానివాళ్లు ఇంట్లో తక్కువ మాట్లాడతారు. పిల్లలకి అందే మాటలు తగ్గుతాయి. దానివల్ల తెలుగు పెరగదు సార్.

ఇంకో సంగతి. ఇంతసేపూ మీ అమ్మగారి గొడవే చెప్పారు. మీ ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు.

పర్లాకిమిడి నాన్న
చెల్లెమ్మా, మా ఇంట్లో అందరం తెలుగువాళ్లమే, మీ ఇంటి పరిస్థితి వేరు. మా వాడు బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా మాట్లాడతాడు. ఇంట్లో కూడా తెలుగు లేకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటాడు? మా నాన్నగారు ఇదే ఊళ్లో తెలుగు మీడియంలో చదివారు. మా వాడికి ఆ అవకాశం లేదు. 2020 విద్యావిధానంలో వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు చెప్పాలని రాశారు. ఆ "వీలున్నచోటు" మన వీధిలోకి ఎప్పుడొస్తుందో చూడాలి. అందాకా మా వంటింట్లోనే బడి.

జయపురం టీచరమ్మ
నేను చిన్న పిల్లలకి చదువు చెప్తాను. ఇద్దరు పిల్లల తల్లిని కూడా. తమ్ముడూ, కొంచెం ఘాటుగా ఉంటే ఏమనుకోకు.

నీ కాగితం మీద ఉన్నవన్నీ "వద్దు", లేకపోతే "అందరూ చేయాలి". నేను ఫలానా పని చేస్తాను అన్నది ఒక్కటి లేదు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఫోన్ లేకపోతే ఆ రెండు గంటలు పిల్లల్ని ఎవరు ఆడిస్తారు? నువ్వేనా? అయితే అదే రాయి. "ఏడింటికి చిన్నదానికి అన్నం నేను పెడతాను" అని రాస్తే మీ అమ్మగారు అలిగేవారా? హాయిగా లోపలికెళ్లి కూతురితో మాట్లాడుకునేవారు. పైగా డాక్టర్ల సలహాలో కూడా ఇంట్లోవాళ్లతో వీడియో కాల్‌ని మిగతా స్క్రీన్‌తో కలిపి లెక్కపెట్టలేదు. అత్త మొహం చూసి పాప నాలుగు మాటలు మాట్లాడితే మంచిదే.

అమ్మమ్మగారూ, చందమామ మాట బాగుంది గానీ సగమే ఒప్పుకుంటాను. చందమామని చూపించినప్పుడు కబుర్లు చెప్పేది మీరు. పాప మీ మొహం చూస్తుంది, తిరిగి ఏదో అడుగుతుంది. వీడియోకి పాప ఏమందో అక్కర్లేదు. ఇంకోటి, తెరకేసి చూస్తూ తినే పిల్లకి కడుపు నిండింది కూడా తెలియదు. తినడం లేదన్న బెంగ కూడా చాలాసార్లు మనదే. మొదటి ఏడాది ఎదిగినంత వేగంగా రెండో ఏడాది ఎదగరు కాబట్టి ఆకలి తగ్గుతుంది. పిల్ల హుషారుగా ఉండి, బరువు సరిగ్గా ఉంటే రెండు ముద్దలు తగ్గినా పరవాలేదు. కంచం దాని ముందు పెట్టి, మనమూ పక్కన కూర్చుని తింటే అదే కెలుక్కుంటుంది. నేలంతా అన్నం అవుతుంది, నిజమే. అరగంట చూసి కంచం తీసేయడమే. నేల తుడిచే పని మాత్రం తీర్మానం చేసినవాళ్లదే.

రాయగడ రైల్వే క్వార్టర్స్
టీచరమ్మగారూ, అలాగైతే ఇంట్లో ఎవరికివాళ్లే అవుతారు. నాన్న ఫోన్ పక్కన పెట్టి కూర్చుంటాడు, తాతగారు పక్కగదిలో సీరియల్ పెట్టుకుంటారు. ఐదేళ్లవాడు ఎక్కడికి పరిగెడతాడో చెప్పక్కర్లేదు. అందరికీ కలిపి ఒక్కటైనా రూల్ ఉండాల్సిందే.

జయపురం టీచరమ్మ
ఒక్కటి సరే. ఐదు కాదు. ఆ ఒక్కటీ తాతగారిని కూర్చోబెట్టుకుని, ఆయన్నే చెప్పమని అడిగి రాయాలి. అంటించేశాక చూపిస్తే అది నోటీసు అవుతుంది.

అరవకూడదు అన్న దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అరుపులు ఎక్కువగా పొద్దున్నే. ఒక సాక్సు దొరకదు, డైరీలో సంతకం ఉండదు, వాటర్ బాటిల్ బస్సు హారన్ విన్నాకే గుర్తొస్తుంది. రాత్రే బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెడితే సగం అరుపులు తగ్గుతాయి. కోపం అణచుకుంటానని ఒట్టు పెట్టుకునేకన్నా ఈ పని తేలిక.

గుణుపురం
తొమ్మిదికి లైట్లు అన్నారు. ఏప్రిల్‌లో మనకి పొద్దుటి బడి కదా? మా వాడి బస్సు ఆరుకే. ఐదున్నరకి లేవాలంటే తొమ్మిదికి పడుకున్నా ఎనిమిదిన్నర గంటలే. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలంటారు.

బరంపురం అమ్మమ్మ
మధ్యాహ్నం పడుకోబెట్టండి బాబూ. పది గంటల లెక్కలో పగటి నిద్ర కూడా కలుస్తుంది. ఎండలో ఆడి వచ్చిన పిల్లకి చద్దన్నంలో మజ్జిగ పోసి పెడితే గంటన్నర లేవదు. టీచరమ్మగారూ, మీరు చెప్పినట్టు నిన్న ఫోన్ దాచేసి చూశాను. మూడు ముద్దలు తింది, మిగతాది పిల్లికి పెట్టింది. చూస్తాను.

పర్లాకిమిడి నాన్న
అందరికీ థాంక్స్. కాగితం తీసేశాను. చిన్నదాని రాత్రి భోజనం, పెద్దవాడి బ్యాగు నా పనులు. ఏడున్నర కాల్ అలాగే ఉంటుంది, అమ్మ నాతో మళ్లీ మాట్లాడుతోంది.

గజపతి చెల్లెమ్మా, మా ఆవిడని అడిగాను. "ఆదివారం పొద్దున్న పిల్లలిద్దర్నీ తీసుకుని ఎక్కడికైనా వెళ్లు, నేను పడుకోవాలి" అంది. పక్కనే పాతపట్నం కదా, నీలమణి దుర్గమ్మ గుడికి తీసుకెళ్తాను. తెలుగు విషయంలో మాత్రం తగ్గను. నా వరకు నేను పిల్లలతో తెలుగే.

గజపతి కోడలు
మీ వరకు మీరంటే నాకే అభ్యంతరమూ లేదు. గిడుగు రామమూర్తి గారు 1880లో మీ ఊరికే టీచరుగా వచ్చి, సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారని మా మావగారు చెప్పేవారు. మీ వాడు వీధిలోంచి ఒడియా మాట ఒకటి తెస్తే విసుక్కోకండి, అంతే.

రాయగడ రైల్వే క్వార్టర్స్
నాకు ఈ వారం నైట్ డ్యూటీ. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది నాకు కుదరదు, పిల్లలు నిద్ర లేచేసరికి నేను వచ్చి పడుకుంటాను. మాలాంటివాళ్లు ఏ పూట పని రాసుకోవాలో టీచరమ్మగారు చెప్పాలి.

జయపురం టీచరమ్మ
బస్సు ఎక్కించి వచ్చి పడుకో నాయనా.