పాత క్రిస్మస్ కేక్ కొలతలు: "స్లో ఓవెన్", "వైన్‌గ్లాసు బ్రాందీ" అంటే ఇప్పటి లెక్కలో ఎంత?

పాతకొలతలు
పాతకాలం బ్రిటిష్ ఫ్రూట్ కేక్ ఒకటి ఈ క్రిస్మస్‌కి చేయాలి. అందులో ఉన్నదింతే: వెన్న, చక్కెర, మైదా ఒక్కో పౌండు, గుడ్లు పది, కరెంట్స్ (ఆ చిన్న నల్ల ఎండుద్రాక్ష) రెండు పౌండ్లు, కిస్‌మిస్ ఒక పౌండు, క్యాండీడ్ పీల్ (పాకం పట్టిన నారింజ, నిమ్మ తొక్క) అర పౌండు, జాజికాయ, జాపత్రి తగినంత, బ్రాందీ ఒక వైన్‌గ్లాసు. ఆపైన "స్లో ఓవెన్‌లో నాలుగైదు గంటలు" అని ఒక్క ముక్క. బేకింగ్ పౌడర్ ఊసే లేదు.

ఇందులో సగం మాత్రమే 20 సెం.మీ. గుండ్రటి టిన్నులో చేస్తాను. నాది ఫ్యాన్ ఉన్న ఓవెన్. ఎంత వేడి, ఎంతసేపు? బేకింగ్ పౌడర్ లేకుండా పొంగుతుందా? బ్రాందీ వద్దనుకుంటే బదులు ఏం పోయాలి?

తూకంరాయి
ముందు తూకాలు చూసుకోండి. పౌండు అంటే 454 గ్రాములు. సగానికి వెన్న, చక్కెర, మైదా తలా 227, కరెంట్స్ 454, కిస్‌మిస్ 227, పీల్ 113 గ్రాములు. 7.5 సెం.మీ. లోతున్న మీ టిన్నుకి ఇది సరిపోతుంది, పైన కాస్త ఖాళీ కూడా మిగులుతుంది.

గుడ్ల దగ్గర లెక్క నమ్మకండి, తూకం నమ్మండి. అప్పటి గుడ్లు చిన్నవి. ఈ రకం కేకుల్లో గుడ్ల బరువు కూడా వెన్న, చక్కెర, మైదాల్లో ఒక్కోదాని బరువుకి సమానంగా ఉండాలన్నదే అసలు సూత్రం. ఐదు గుడ్లు గిలక్కొట్టి, అందులోంచి 227 గ్రాములు తీసుకోండి. పెద్ద గుడ్లయితే కాస్త మిగులుతుంది.

వైన్‌గ్లాసు అంటే సుమారు 60 మి.లీ., మీకు అందులో సగం, రెండు టేబుల్ స్పూన్లు. ఇలాంటి పాత వంటకాల్లో టీకప్పు అని ఉంటే 140 మి.లీ., బ్రేక్‌ఫాస్ట్ కప్పు అంటే దానికి రెట్టింపు. "గుడ్డంత వెన్న" అని రాస్తే 55 నుంచి 60 గ్రాములు. గిల్, పింట్ అనే ద్రవాల కొలతలు కనబడితే మాత్రం అది ఏ దేశం వంటకమో తేల్చుకోకుండా గిన్నె ముట్టుకోవద్దు. బ్రిటిష్ పింట్ 568 మి.లీ., అమెరికన్ది 473. గిల్ కూడా అంతే, బ్రిటిష్‌ది 142, అమెరికన్‌ది 118.

మసాలా ఈ సగానికి జాజికాయ పొడి అర టీస్పూను, జాపత్రి పావు టీస్పూను చాలు. జాపత్రి ఎక్కువైతే చేదు తగులుతుంది. కిస్‌మిస్ గింజలు తీయమని, మైదాని నిప్పుల దగ్గర ఆరబెట్టమని రాసి ఉంటే ఆ పనులు ఇప్పుడు అక్కర్లేదు.

నిదానంసెగ
స్లో ఓవెన్ అంటే 150 డిగ్రీల సెల్సియస్, కాస్త అటూ ఇటూ. ఫ్యాన్ ఉంటే 20 తగ్గించి 130 పెట్టుకోండి. ఆ రోజుల్లో ముందు రొట్టెలు కాల్చేసి, సెగ తగ్గుతున్న ఓవెన్‌లోకి కేకు తోసేవారు. అందుకే గంటలు కూడా "నాలుగైదు" అని అంత వదులుగా రాశారు. మీ సగం కేకుకి మూడు నుంచి మూడున్నర గంటలు. రెండుముప్పావు గంటలకి మొదటిసారి తలుపు తీసి చూడండి, అంతకుముందు వద్దు.

టిన్నుకి లోపల రెండు పొరల బటర్ పేపర్, అంచుకి 5 సెం.మీ. పైకి ఉండేలా. బయట మందపాటి బ్రౌన్ పేపర్ రెండు మడతలు చుట్టి దారంతో కట్టండి. ఇది చాదస్తం కాదు. మధ్యభాగం ఉడికేలోపు పక్కలు ఎండిపోయి చేదెక్కేది ఇది లేకే. పైభాగం రంగు తిరిగాక ఒక కాగితం వదులుగా కప్పండి.

ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూస్తే కిస్‌మిస్ జిగురు అంటుకుని మోసం చేస్తుంది. రెండుమూడు చోట్ల గుచ్చండి. థర్మామీటర్ ఉంటే నడిమధ్యన 96 నుంచి 98 డిగ్రీలు రావాలి. అది లేకపోతే టిన్ను బయటికి తీసి చెవి దగ్గరగా వంగి వినండి (తగలకుండా!). సన్నగా చిటపటమంటుంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ చప్పుడు దాదాపు ఆగాక దించండి, టిన్నులోనే పూర్తిగా చల్లారనివ్వండి.

పైన గోపురంలా లేచి పగిలితే సెగ ఎక్కువైనట్టు. మధ్యలో కుంగితే ఉడకనట్టు, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైనట్టు.

వెన్నగిలక
పౌడర్ అక్కర్లేదు. ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్ తయారుచేసింది 1843లో, ఇలా అన్నీ ఒక్కో పౌండు వేసే పౌండు కేకులు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. వీటిని పొంగించేది వెన్న, చక్కెర గిలకొట్టేటప్పుడు చేరే గాలి. చక్కెర పలుకులు వెన్నని చీలుస్తూ సన్నని గాలి బుడగలు చేస్తాయి. బేకింగ్ పౌడర్ ఆ ఉన్న బుడగల్నే పెద్దవి చేస్తుంది, కొత్తవి పుట్టించదు. కాబట్టి గిలకొట్టడం సరిగా లేకుండా పౌడర్ వేసినా పెద్దగా ఒరిగేదేం లేదు.

వెన్న 18 నుంచి 20 డిగ్రీల్లో ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, మెరుపు రాకూడదు. మెరిసిందంటే కరగడం మొదలైంది, ఇక గాలి నిలవదు. బీటర్‌తో ఆరేడు నిమిషాలు, రంగు బాగా పాలిపోయేదాకా. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే వెన్న గడ్డకట్టి మిశ్రమం విరిగిపోతుంది. గదిలో ఉంచి చల్లదనం పోయాక, ఒక్కో రెండు స్పూన్లు పోస్తూ కలపండి. విరుగుతున్నట్టు కనబడగానే ఒక స్పూను మైదా వేస్తే సర్దుకుంటుంది. మైదా, ఎండుపళ్లు మాత్రం గరిటెతో.

తూకంరాయి
వెన్నగిలక గారూ, బీటర్ లేకుండా చేత్తో కలిపేవాళ్లకి అర టీస్పూను పౌడర్ వేసుకోమనే చెబుతాను. బరువులో డెబ్భై ఎనభై శాతం పళ్లదే కాకపోయినా, సగానికి దగ్గరగా ఉంది. చేయి అలిసిపోతే ఆ కేకు ఇటుకే. అంతకు మించి మాత్రం వద్దు, సెల్ఫ్ రైజింగ్ మైదా (పౌడర్ ముందే కలిపి అమ్మేది) అసలే వద్దు.

పళ్లబుట్ట
బ్రాందీకి బదులేంటన్న సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పాత పద్ధతిలో ఆ 30 మి.లీ. పిండిలో కలపడానికే, పళ్లు నానబెట్టడానికి కాదు. నానబెట్టాలనుకుంటే ఈ 800 గ్రాముల పళ్లకి 100 నుంచి 120 మి.లీ. కావాలి, రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. పొద్దున అడుగున మిగిలింది వడకట్టేయండి. తడిపళ్లు పిండిని పలచన చేస్తాయి, పలచటి పిండిలో పళ్లు అడుక్కి దిగుతాయి.

మద్యం వద్దంటే అంతే కొలతలో నారింజరసం గానీ, చిక్కటి బ్లాక్ టీ గానీ వేడిగా పోసి నానబెట్టండి. రుచికి ఏ లోటూ లేదు, నిల్వే తక్కువ. అలాంటి కేకు పండక్కి వారం ముందు చేసుకోవాలి. ఇంకా ముందే చేస్తే గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి.

బ్రాందీ కేకయితే నాలుగు నుంచి ఆరు వారాల ముందే చేయొచ్చు. అడుగున పుల్లతో చిల్లులు పొడిచి వారానికొక టేబుల్ స్పూను పోయండి. రోజూ పోస్తే ముద్దయిపోతుంది. ఐసింగ్ వేసేటట్టయితే దానికి వారం ముందు పోయడం ఆపేయండి. దాచేటప్పుడు ముందు బటర్ పేపర్ చుట్టి, దానిమీదే ఫాయిల్ చుట్టాలి. ఫాయిల్ నేరుగా తగిలితే పళ్లలోని పులుపు దాన్ని తినేసి చిల్లులు పెడుతుంది.