ముందు బ్రేకు వదలడం లేదు: క్యాలిపర్ ఇంట్లో విప్పి శుభ్రం చేయాలనుకుంటున్నాను

చిన్నబండి:

లీవర్ వదిలేసినా ముందు బ్రేకు డిస్కును పట్టుకునే ఉంటోంది. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి చేత్తో తిప్పితే ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు. కాసేపు నడిపి దిగితే డిస్కు నుంచి వేడి సెగ తగులుతోంది. ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టి చూశాను. పిస్టన్ల వైపు ప్యాడ్ బాగా అరిగిపోయింది. అవతలి వైపుది ఇంకా మందంగానే ఉంది. క్యాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) రెండు పిస్టన్లూ ఒకే వైపు ఉన్నాయి, పిన్నుల మీద అటూ ఇటూ జరిగే రకం. బండికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు.

తెలిసినవాళ్లు తలో మాట చెబుతున్నారు. పిస్టన్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి లోపలికి నొక్కేయమని ఒకరు, ఎమరీ పేపర్‌తో రుద్దితే చాలని మరొకరు. పానాలు, టార్క్ రెంచి, బండి సర్వీస్ మాన్యువల్ నా దగ్గర ఉన్నాయి. సీళ్లు, అంటే పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు రింగులు, మార్చక తప్పదా? ఏ క్రమంలో విప్పాలి? బ్రేకుతో వ్యవహారం కాబట్టి తెలుసుకున్నాకే చేయి పెడతాను.

పాతపానా:

ఆ స్ప్రే జోలికి మాత్రం వెళ్లకండి. పెట్రోలియం నుంచి వచ్చినది ఏదైనా, అంటే పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు, బ్రేకు రబ్బరుకు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఈ సీళ్లు సాధారణంగా ఈపీడీఎం రబ్బరువి. బ్రేక్ ఆయిల్‌కు తట్టుకుంటాయి, ఖనిజ నూనెకు తట్టుకోవు. స్ప్రే కొట్టిన రోజు పిస్టన్ సులువుగా కదిలినట్టే ఉంటుంది, ఆ తర్వాత ఉబ్బిన సీల్ దాన్ని ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

ఏదైనా విప్పే ముందు అసలు డిస్కును పట్టుకుంటున్నది ఏమిటో తేల్చుకోండి. ప్యాడ్లు, క్యాలిపర్ తిరిగి బిగించి, బ్లీడ్ నిపుల్‌కు (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సన్న గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో పెట్టండి. లీవర్‌ను కొన్నిసార్లు నొక్కి వదలండి. చక్రం పట్టేసి ఉన్నప్పుడు నిపుల్ కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే క్యాలిపర్ తప్పు లేదు, ఒత్తిడి పైనే చిక్కుకుంది. లీవర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి పైనున్న డబ్బాలోకి వెళ్లే సన్న రంధ్రం పూడిపోయినా, లీవర్‌కు కొంచెం కూడా ఆట లేకపోయినా, హోసు లోపల ఉబ్బినా అలా అవుతుంది. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే అప్పుడు క్యాలిపర్ విప్పండి. ఈ చిన్న పరీక్ష చేయకుండా క్యాలిపర్ అంతా ఊడదీసి, మళ్లీ బిగించి, బ్రేకు ఇంకా పట్టేస్తూనే ఉందని తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మీ ప్యాడ్లు అరిగిన తీరు చూస్తే నాకు స్లైడ్ పిన్నుల మీదే మొదటి అనుమానం. పిన్నులు బిగుసుకుంటే పిస్టన్లు తమ వైపు ప్యాడ్‌ను నొక్కుతాయి కానీ క్యాలిపర్ జరగదు, అవతలి ప్యాడ్‌కు పని ఉండదు. అయినా విప్పాక పిస్టన్లు కూడా చూడకుండా మూసేయకండి.

క్యాలిపర్ ఫోర్కుకు బిగించి ఉండగానే బ్యాంజో బోల్టును (హోసు కొసను పట్టి ఉంచే బోల్టు), ప్యాడ్ పిన్నును కొంచెం కదిలించి, మళ్లీ ఆయిల్ కారనంతగా బిగించి ఉంచండి. చేతిలోకి తీసుకున్నాక అవి లొంగవు. ప్యాడ్ల వెనక స్ప్రింగు ఏ వైపు తిరిగి ఉందో ఫొటో తీసుకోండి. క్యాలిపర్‌ను హోసు మీద వేలాడదీయవద్దు, తీగతో ఫోర్కుకు కట్టండి.

హోసు ఊడదీయకముందే లీవర్‌తో పిస్టన్లను బయటికి తెచ్చుకోవాలి. మధ్యలో సన్న చెక్క పెట్టి మెల్లగా నొక్కుతూ పోండి. ఒకటి ముందుకు పరుగెత్తితే దాన్ని క్లాంపుతో ఆపి రెండోదాన్ని రానివ్వండి. చివరి వరకు వచ్చాక హోసు విప్పి చేత్తో లాగితే వచ్చేస్తాయి. కంప్రెసర్ గాలితో ఊది తీయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పిస్టన్ ఒక్కసారిగా ఎగిరివస్తే మధ్యలో ఉన్న వేలు నలిగిపోతుంది.

ఇక అసలు విషయం. ప్రతి పిస్టన్ చుట్టూ రెండు రబ్బరు రింగులుంటాయి. బయటిది దుమ్మును ఆపేది, లోపలిది ఆయిల్‌ను ఆపేది. లోపలి రింగు ఇంకో పని కూడా చేస్తుంది. బ్రేకు నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు దాని అంచు కొంచెం మెలి తిరుగుతుంది. వదిలినప్పుడు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. పిస్టన్‌ను వెనక్కి తెచ్చేందుకు లోపల స్ప్రింగు ఏమీ లేదు, ఉన్నదంతా ఆ మెలికే. అల్యూమినియం గాడిలో, రింగు వెనక, తెల్లటి పొడి పేరుకుని గట్టిపడితే అది రింగును పిస్టన్ మీదికి తోస్తుంది. మెలి తిరగడానికి చోటుండదు. పిస్టన్‌ను అద్దంలా తుడిచినా ఆ గాడి శుభ్రం కాకపోతే బ్రేకు వదలదు.

అందుకే ఎక్కువ సమయం గాడి దగ్గరే పెట్టండి. కొన చెక్కిన వెదురు పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గాడి అడుగును, రెండు మూలలను గీకుతూ చుట్టూ తిరగండి. స్టీలు స్క్రూడ్రైవరుతో వద్దు, గీత పడితే ఆయిల్ కారే దారి అవుతుంది. మధ్యమధ్య బ్రేక్ క్లీనర్‌తో కడిగి, టార్చి వేసి చూడండి. తెలుపు పోయి లోహం రంగు చుట్టూ ఒకేలా కనిపించాలి. వేలి గోరు పెట్టి తిప్పితే ఎక్కడా తట్టుకోకూడదు.

పిస్టన్‌కు ఎమరీ పేపర్ వద్దు. పైపూత పోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. మెత్తటి గుడ్డ, బ్రేక్ క్లీనర్ చాలు. సీల్ రాసుకునే చోట గుంటలు పడి ఉంటే పిస్టన్ మార్చాల్సిందే. ప్యాడ్‌కు ఆనుకునే కొసలో మాత్రమే మరకలుంటే పర్వాలేదు. పిస్టన్లు పూర్తిగా బయటికి తీస్తే సీళ్లు కొత్తవే వేయండి, ఇందులో పొదుపు వద్దు.

బిగించేటప్పుడు రింగులకు, పిస్టన్‌కు కొత్త బ్రేక్ ఆయిల్ పూసి, నిటారుగా పెట్టి బొటనవేళ్లతో నొక్కండి. ఒరిగితే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, సుత్తితో కొట్టవద్దు. స్లైడ్ పిన్నులకు రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. రెండు పిన్నులూ ఒకేలా ఉండకపోవచ్చు, ఏది ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోండి. బ్యాంజో బోల్టుకు రెండు వైపులా కొత్త వాషర్లు వేయండి. ఏ బోల్టు ఎంత బిగించాలో మీ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారమే చేయండి.

దూరదారి:

పాతపానా గారు చెప్పినవన్నీ నిజమే. ఒక్క మాట కలుపుతాను. పిస్టన్లు ఇంకా కదులుతూ, బయట మురికి మాత్రమే ఉన్న క్యాలిపర్‌కు అన్నీ ఊడదీయనక్కర్లేదు. హోసు అలాగే ఉంచి, పిస్టన్లను కొంత బయటికి రప్పించి, సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో చుట్టూ కడిగి ఆరనిచ్చి వెనక్కి నెడితే సరిపోతుంది. మురికితో నెడితే మాత్రం ఆ మట్టి సీల్ కిందికి వెళుతుంది. నెట్టే ముందు పైడబ్బాలో ఆయిల్ కొంత తీసేయండి, లేకపోతే పొంగుతుంది. పెయింటు మీద పడితే తుడిచి వదిలేయకుండా నీళ్లతో కడిగేయాలి.

చిన్నబండి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిపుల్ పరీక్ష చేశాను, ఆయిల్ వచ్చింది కానీ చక్రం కదల్లేదు. విప్పి చూస్తే మీ అనుమానమే నిజమైంది. ఒక పిన్ను రబ్బరు బూటు (పిన్ను మీది తొడుగు) చిరిగి ఉంది. లోపల గ్రీజు ఆనవాలు లేదు, ఎర్ర తుప్పు పొర కట్టింది. గాడుల్లో తెల్లటి పెచ్చు కూడా ఉంది, ఒక పిస్టన్ దగ్గర మరీ ఎక్కువ. పిస్టన్లు బాగానే ఉన్నాయి. కొత్త సీళ్లు, బూట్లు, ప్యాడ్లు వేశాను. చక్రం ఇప్పుడు హాయిగా తిరుగుతోంది. కానీ ఎంత గాలి తీసినా లీవర్ మెత్తగానే ఉంది. నిపుల్ దగ్గర బుడగలు రావడం ఆగిపోయింది. ఆయిల్ మూత మీద ఉన్నట్టే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోశాను.

పాతపానా:

లీవర్ గట్టిపడే వరకు బండి కదపవద్దు, వీధి చివరి వరకు కూడా వద్దు.

బుడగలు పైకి పోతాయి, మనం కింది నుంచి లాగుతున్నాం. అందుకే పైన, మాస్టర్ సిలిండర్ బ్యాంజో దగ్గర కొంత గాలి మిగిలిపోతుంది. మాస్టర్ సిలిండర్ అన్నిటికంటే ఎత్తుగా ఉండేలా హ్యాండిల్ తిప్పండి. పై బ్యాంజో చుట్టూ గుడ్డ కట్టి, లీవర్ నొక్కి పట్టి బోల్టు కొంచెం వదులు చేసి, లీవర్ వదలకుండానే బిగించండి. నిపుల్ దగ్గర కూడా అదే వరుస: నొక్కడం, తెరవడం, మూయడం, ఆ తర్వాతే వదలడం. తెరిచి ఉండగా వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి. ఆ తర్వాత లీవర్‌ను హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా ఉంచండి. సన్న బుడగలు పైకి చేరుతాయి. పొద్దున కట్టు విప్పి లీవర్ కొద్దికొద్దిగా ఆడిస్తే అవి డబ్బాలోకి వచ్చేస్తాయి.

డాట్ 4 సరైనదే. చాలాకాలం క్రితం తెరిచిన సీసాలోది పోసి ఉంటే తీసేసి ఇంకా తెరవని కొత్త సీసాలోది పోయండి. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఇందులో కలపకూడదు.

ఏబీఎస్ ఉన్న బండివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక జాగ్రత్త. మాడ్యులేటర్‌లోకి (ఏబీఎస్ బ్రేకు ఒత్తిడిని అదుపు చేసే భాగం) గాలి పోతే కొన్ని బండ్లకు డయాగ్నస్టిక్ యంత్రం లేకుండా రాదు. హోసు విప్పే ముందు మాన్యువల్ చూసుకోండి.

చిన్నబండి:

పై బ్యాంజో దగ్గర చిన్న బుడగలు గుంపుగా వచ్చాయి. రాత్రి లీవర్ కట్టి ఉంచాను. ఇప్పుడు సగం దూరం రాకముందే రాయిలా ఆగుతోంది. గట్టిగా నొక్కి పట్టి చూశాను, కిందికి జారలేదు, బ్యాంజోల దగ్గర చెమ్మ కూడా లేదు. కొత్త ప్యాడ్లు కదా, ఎలా నడపాలి?

దూరదారి:

ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగం నుంచి మెల్లగా బ్రేకు వేస్తూ తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి, అలా పలుమార్లు. పూర్తిగా ఆపి లీవర్ నొక్కిపట్టి నిలబడవద్దు. తిరిగి వచ్చాక చక్రం లేపి మళ్లీ తిప్పి చూడండి, క్యాలిపర్ బోల్టుల టార్క్ ఇంకోసారి సరిచూడండి. డిస్కు కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. ఇన్నాళ్లు వేడెక్కింది కాబట్టి కొలిచి చూసుకోండి.