కూలి అడిగిన నటుడిదా తప్పు?

అలిపిరి వాసి:
చంద్రగిరిలో మొన్నటి గొడవ చూసి అడుగుతున్నాను. తిరుపతిలో ఇరవై ఏళ్లుగా చిన్న సినిమాలు తీస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఇల్లు గడిచేది పెళ్లి వీడియోలతో. నటులకు భోజనం, బస్సు చార్జీలు, అంతే. కోట లోపల తీయాలంటే పురావస్తు శాఖకు రుసుము కట్టాలి, అందుకని బయట రోడ్డు పక్కనే కెమెరా పెట్టారు. మధ్యాహ్నం ఒక కుర్రాడు పులిహోర తిని, ఆకు మడిచి, "సార్, ఈసారి రోజుకు ఎంతిస్తారు?" అన్నాడు. ఆయన లెన్సు తుడుస్తూ ఉండిపోయారు. కుర్రాడు మేకప్ కడుక్కుని బస్సెక్కాడు. కళ మీద ప్రేమ ఉంటే అలా వెళ్తాడా? గుంటూరు జిల్లాలో పుట్టిన పాతతరం సినిమా నటుడు నాగయ్య గారికి చిత్తూరు ఇంటిపేరైంది అక్కడి రామవిలాస సభ నాటకాల వల్లే కదా.

మైకు పట్టినవాడు:
నాగయ్య గారి పేరెత్తారు కాబట్టి, దానధర్మాలకు అంతా పోగొట్టుకుని ఆయన చివరి రోజులు ఎలా గడిచాయో కూడా రాయవలసింది.

పెద్దాయన దగ్గర మూడు సినిమాలకు మైకు పట్టాను. మంచి మనిషే. ముహూర్తాల నెలల్లో కెమెరా పెళ్లిళ్లకు పోతుంది, మా షూటింగులన్నీ మూఢంలోనూ ఆషాఢంలోనూ. ఊరంతా శుభకార్యాలు మానుకున్నాక మేము కొబ్బరికాయ కొట్టేవాళ్లం. అయినా జనరేటరు అద్దె ఏనాడూ బాకీ లేదు. కళాసేవ అని చెప్పి బంకులో డీజిలు ఊరికే పోయించుకోమనండి, చూద్దాం.

పాత ప్రొజెక్టరు:
రీళ్ల కాలమూ ఇంతే. 35 ఎంఎం ఫిల్ము 1,000 అడుగులు 11 నిమిషాల్లో అయిపోయేది. దానికి డబ్బు ముందే కట్టాలి, నటుడికి మాత్రం తరువాత చూద్దాం. ఇప్పుడు ఫిల్ము లేదు గానీ హాల్లో వేయాలంటే సెన్సారు, హాలు అద్దె, ప్రొజెక్షన్ చార్జీలు ఉండనే ఉన్నాయి. ఆయన దాచుకున్నది ఏమీ లేదు, ఇంటి స్థలం కూడా అమ్ముకున్నారు. దోపిడీ అనడానికి నాకు నోరు రాదు. యూట్యూబు డబ్బుల్లో ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసిస్తే పోతుంది కదా?

అలిపిరి వాసి:
వాటానా! పోయిన సినిమాకు వచ్చినది ఆయన కరెంటు బిల్లుకు కూడా చాలలేదు.

మైకు పట్టినవాడు:
చాలలేదన్న ఆ లెక్కే కుర్రాడికి చూపించమనండి. మూడు సినిమాలు చేసిన నాకే ఇంతవరకు చూపించలేదు. వాడివి ఇంకా రెండు సీన్లు మిగిలి ఉన్నాయి, ఆషాఢం పది రోజుల్లో అయిపోతుంది.