ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లోనే కొనాలా, అమెరికా వచ్చాకా?

అన్నలకు, అక్కలకు నమస్తే. ఆగస్టులో డాలస్ దగ్గర ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాను. నాన్న 45 వేలలో ఒకటి చూశారు, 8 జీబీ ర్యామ్. ఫ్రెండ్సేమో అక్కడికెళ్లాక వెయ్యి డాలర్లు పెట్టి మంచిది కొనుక్కోమంటున్నారు. లోన్ మీద వస్తున్నా, టెన్షన్‌గా ఉంది.

— తమ్ముడూ, ధర సంగతి తర్వాత. ముందు ఆ ర్యామ్ పెంచుకోవచ్చో లేదో షాపులో అడుగు. నేను బయల్దేరే ముందు పల్చగా ఉందని ముచ్చటపడి 8 జీబీది కొన్నా. రెండో సెమిస్టర్లో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే ఫ్యాన్ మిక్సీలా మోగేది. ఇంకో 8 వేయిద్దామని విప్పిస్తే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, స్లాటే లేదు. చచ్చినట్టు ఇక్కడ ఇంకోటి కొన్నా. ఆ రెండు డబ్బులూ కలిపితే మొదట్లోనే మంచిది వచ్చేది. సీఎస్‌కి 16 జీబీ ఉండాలి, లేదా 8 ప్లస్ ఖాళీ స్లాట్. గ్రాఫిక్స్ కార్డు కోసం మాత్రం అప్పు పెంచుకోకు, క్లాసు ప్రాజెక్టులు చాలావరకు కోలాబ్‌లోనే (ఆన్‌లైన్‌లో గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపేది) అయిపోతాయి.

ఇంకోటి, ఇక్కడ ట్యాగ్ మీది ధరలో ట్యాక్స్ కలపరు. డాలస్‌లో 8.25 శాతం. 999 అని రాసుంటే బిల్లు 1,081 దాటుతుంది.

— నేనైతే హైదరాబాద్‌లోనే కొనుక్కోమంటాను. దిగిన వారంలోనే అసైన్‌మెంట్లు మొదలవుతాయి, అప్పటికి బ్యాంకు కార్డు కూడా చేతికి రాదు. నాది పబ్లిక్ హెల్త్, 40 వేలదానితో రెండేళ్లు హాయిగా గడిచింది. చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే పిన్ అడాప్టర్ చాలు. చవగ్గా వస్తోందని పాత సెకండ్ హ్యాండ్‌ది తీసుకోకు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, మరీ పాతవాటిలో 11 ఎక్కదు. వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో కాగితం మీద చూసుకో, సేల్స్‌మన్ మాట నమ్మకు.

— థాంక్స్ అన్నా, అక్కా. షాపుకి ఫోన్ చేశా. ఖాళీ స్లాట్ ఒకటి ఉందట, వారంటీ మాత్రం ఇండియా వరకేనట. నాన్న రేపు ఇంకో షాపులో అడుగుతానన్నారు.